ముందు చక్రం, తర్వాతే ఇంజిన్

సాహితీ క్లబ్ పత్రికలో రైలు చక్రాల మీద వ్యాసమేంటని ఎడిటర్ అక్క ముందే అడిగేసింది. తెలుగులో రాస్తే చాలు, టాపిక్ ఏదైనా పర్లేదని పోయిన సంచికలో ప్రకటించింది వాళ్లే కాబట్టి ధైర్యం చేస్తున్నా. పైగా ఇది ఊసుపోక రాస్తున్నది కాదు. మా హాస్టల్లో మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లం ఏడుగురం ఉన్నాం. వచ్చే టెక్ ఫెస్ట్‌లో ఒక చిన్న లేఅవుట్ పెడదామని తలా కొంత డబ్బు వేసుకున్నాం. ఆ డబ్బుతో ఏ కొలతలో రైలు కట్టాలి, ఏ చక్రాలు తెప్పించాలి అన్నది నెల రోజులుగా తేలడం లేదు. నలుగురు ఒకవైపు. ఇద్దరు ఎటూ చెప్పడం లేదు. రెండోవైపు నేనొక్కడినే. శుక్రవారం రాత్రి ఓటింగ్.

నా వాదన చిన్నదే. మామూలుగా అందరూ ముందు ఇంజిన్ బాడీ ఎంచుకుంటారు, తర్వాత దాని కింద పట్టే చక్రాలు వెతుక్కుంటారు. మన రైళ్ల విషయంలో మాత్రం దీన్ని తిరగేయాలి. ముందు చక్రం ఎంచుకోవాలి. ఆ చక్రం ఏ కొలతకి నిజమవుతుందో లెక్కేసి, ఆ కొలతలో బాడీ కట్టుకోవాలి.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు చెప్పి ముందుకెళ్తా. మోడల్ రైళ్లలో స్కేల్ వేరు, గేజ్ వేరు. అసలు రైలుని ఎన్నో వంతుకి తగ్గించామో అది స్కేల్. రెండు పట్టాల మధ్య దూరం గేజ్. ప్రపంచంలో ఎక్కువగా నడిచే స్కేల్ హెచ్ఓ, అంటే 1:87. దాని పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎందుకు 16.5? యూరప్‌లో, అమెరికాలో అసలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 16.5 వస్తుంది. జర్మనీ వాడు జర్మన్ ఇంజిన్ మోడల్ చేసుకుంటే స్కేల్, గేజ్ రెండూ కలుస్తాయి. సమస్యే లేదు.

మనకి సమస్య ఉంది. డల్హౌసీ కాలంలో ఇక్కడి రైళ్లకి 5 అడుగుల 6 అంగుళాల గేజ్ నిర్ణయించారు. 1853లో బొంబాయి నుంచి ఠాణేకి వెళ్లిన మొదటి ప్రయాణికుల రైలు నడిచింది దాని మీదే, ఇవాళ మనం ఇంటికెళ్లే రైలు నడుస్తున్నదీ దాని మీదే. మిల్లీమీటర్లలో 1676. (కాలిఫోర్నియాలో ఉన్న మన సీనియర్లకి ఒక ముచ్చట: శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ తిరిగే బార్ట్ రైలుది కూడా ఈ 1676 గేజే. అమెరికా మొత్తం ఒక దారి, అది ఒక దారి.) 1676ని 87తో భాగిస్తే 19.26 మి.మీ. రావాలి. కానీ మన దేశపు ఇంజిన్ని హెచ్ఓలో కట్టేవాళ్లలో చాలామంది దాన్ని 16.5 పట్టాల మీదే నిలబెడతారు, ఎందుకంటే బజార్లో దొరికే పట్టాలూ చక్రాలూ అవే. అంటే బాడీ మన బ్రాడ్‌గేజ్‌ది, కాళ్లు యూరప్ గేజ్‌వి. అసలు కొలతలో చెప్తే 241 మి.మీ. తగ్గిపోయింది. జానెడు కంటే ఎక్కువే.

పక్క నుంచి చూస్తే ఏమీ తెలియదు. ముందు నుంచి చూస్తేనే తెలుస్తుంది. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ని స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ చివర నిలబడి ఎదురుగా చూసినవాళ్లకి దాని ఠీవి ఎక్కడుందో తెలుసు. కాళ్లు వెడల్పుగా పెట్టి నిలబడ్డ పహిల్వాన్‌లా ఉంటుంది. అదే ఇంజిన్ 16.5 మీద హెచ్ఓ మోడల్‌గా నిలబడితే, కిక్కిరిసిన బస్సులో రెండు పాదాలూ దగ్గరపెట్టుకుని నిలబడ్డ లావాటి మనిషిలా కనిపిస్తుంది. రంగు ఎంత బాగా వేసినా, షెడ్ పేరు ఎంత చక్కగా రాసినా ఆ నిలబడే తీరు మాత్రం మారదు.

ఇది ఒక్క మన బాధే కాదు. బ్రిటన్ వాళ్లకి వందేళ్ల నుంచి ఉంది. 1920లలో టేబుల్ మీద నడిచే చిన్న రైళ్లు మొదలైనప్పుడు, బ్రిటిష్ ఇంజిన్లు అసలే చిన్నవి కావడంతో 1:87 బాడీలో అప్పటి మోటార్ పట్టడం కష్టమైంది. అందుకని బాడీని కొంచెం పెద్దది చేసి, అడుగుకి 4 మి.మీ. లెక్కన, అంటే 1:76 స్కేల్‌లో కట్టారు. పట్టాలు మాత్రం పాత 16.5నే ఉంచేశారు. దీన్నే డబుల్ ఓ అంటారు. నిజానికి ఆ స్కేల్‌కి 18.83 మి.మీ. ఉండాలి. తర్వాత మోటార్లు అగ్గిపెట్టెలో సగమయ్యాయి, అయినా పట్టాలు మారలేదు. అప్పటికే కోట్ల రూపాయల సరుకు అమ్మేశారు, జనం ఇళ్లల్లో లేఅవుట్లు కట్టేసుకున్నారు. సీఎస్ఈ వాళ్లకి దీని పేరు చెప్పక్కర్లేదు. టెక్నికల్ డెట్. ఎవరో ఒక రాత్రి డెడ్‌లైన్ కోసం పెట్టిన హ్యాక్, వందేళ్ల తర్వాత కూడా ప్రొడక్షన్‌లో నడుస్తోంది.

డబుల్ ఓలో తేడా 12.4 శాతం. మన బ్రాడ్‌గేజ్‌ని 16.5 హెచ్ఓ మీద పెడితే తేడా 14.4 శాతం. మనదే ఎక్కువ! అక్కడేమో ఆ తక్కువ తేడాకే జనం రెండు మూడు వర్గాలుగా చీలిపోయారు. కొందరు 18.2 మి.మీ. గేజ్‌కి మారారు, దాన్ని ఈఎం అంటారు. ఇంకొందరు కచ్చితంగా 18.83 ఉండాల్సిందే అని పీ4 పెట్టుకున్నారు. వాళ్లు షాపులో కొన్న ప్రతి ఇంజిన్‌కీ చక్రాలు పీకి కొత్తవి వేసుకుంటారు. చక్రాలు విడిగా అమ్మే చిన్న చిన్న కంపెనీలు అక్కడ బతుకుతున్నాయంటే ఈ పట్టుదల వల్లే. ఆలన్ గిబ్సన్, రోమ్‌ఫర్డ్, అల్ట్రాస్కేల్ అనే పేర్లు అక్కడ మోడల్ చేసేవాళ్ల నోట్లో మనకి నోట్‌బుక్ బ్రాండ్లలా నలుగుతాయి.

మా గ్రూప్‌లో ఒక వాదన ఏంటంటే, మనం కూడా అలాగే 19.26 కి వెళ్దాం, హెచ్ఓ బాడీ ఉంచి చక్రాలు, పట్టాలు సొంతంగా చేసుకుందాం అని. వినడానికి బాగుంటుంది. కానీ లెక్కేయండి. ప్రతి ఇరుసు కొత్తగా కోయాలి. పట్టాలు స్లీపర్ స్లీపర్‌కీ చేత్తో వేయాలి. పాయింట్లు, అంటే పట్టా రెండుగా చీలే చోటు, అది కూడా చేత్తోనే. టెక్ ఫెస్ట్‌కి మూడు నెలలుంది, మధ్యలో ఇంటర్నల్స్ రెండు. నావల్ల కాదు, మీవల్లా కాదు.

ఇక్కడే నా గుణకారం వస్తుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. మన గేజ్ ఐదున్నర అడుగులు. అడుగుకి 3 మి.మీ. లెక్కన తగ్గిస్తే ఐదున్నర మూళ్లు పదహారున్నర. 16.5 మి.మీ.! దశాంశం దగ్గర కూడా తేడా లేదు. అడుగుకి 3 మి.మీ. అంటే 1:101.6 స్కేల్. బ్రిటన్‌లో ఈ 3 మి.మీ. స్కేల్ ఎప్పటినుంచో ఉన్నదే, కాకపోతే వాళ్ల గేజ్ చిన్నది కాబట్టి వాళ్లు దాన్ని 12 మి.మీ. పట్టాల మీద నడుపుతారు. మనం మాత్రం ప్రపంచమంతా దొరికే మామూలు 16.5 పట్టా, మామూలు 16.5 చక్రం కొనుక్కుని, బాడీ ఒక్కటి 1:101.6లో కడితే చాలు, ఇంజిన్ అచ్చం ప్లాట్‌ఫామ్ చివర చూసినట్టే నిలబడుతుంది. చక్రాన్ని మార్చక్కర్లేదు, ఆ చక్రం దేనికి నిజమో కనుక్కుంటే సరిపోతుంది.

గేజ్ ఒక్కటి కుదిరితే అయిపోయిందా? కాలేదు. చక్రం ఎంచుకోవడంలో గేజ్ మొదటి మెట్టే. రెండోది వ్యాసం (ఇది చదివే వ్యాసం కాదు, వృత్తానిది). డబ్ల్యూడీఎం-2 చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1092 మి.మీ. మన స్కేల్‌లో 10.75 మి.మీ. అవుతుంది. కచ్చితంగా 10.75 చక్రం కావాలని వెతుకుతూ కూర్చుంటే దొరకదు. కానీ అసలు రైల్లో చక్రం ఎప్పుడూ ఒకే సైజులో ఉండదన్న సంగతి చాలామంది మర్చిపోతారు. నడిచే కొద్దీ అరుగుతుంది. అరిగి ఆకారం చెడినప్పుడు లేత్ మీద మళ్లీ చెక్కుతారు, ఇంకా తగ్గుతుంది. అలా 1016 మి.మీ. దాకా వాడి తర్వాత తీసేస్తారు. 1016 అంటే మన స్కేల్‌లో సరిగ్గా 10 మి.మీ. అంటే 10 నుంచి 10.75 మధ్య ఏ చక్రం పెట్టినా అది నిజమైన ఇంజిన్ జీవితంలో ఏదో ఒక రోజుకి సరిపోతుంది. ఇప్పుడు అమెరికా హెచ్ఓ సరుకు చూడండి. అక్కడ పెద్ద వ్యాగన్లకి వాడే 36 అంగుళాల చక్రం హెచ్ఓలో 10.5 మి.మీ. ఉంటుంది. మనకి కావాల్సిన రెండు హద్దుల మధ్యలో కూర్చుంది. అక్కడి మామూలు వ్యాగన్లకి వాడే 33 అంగుళాల చక్రం 9.6 మి.మీ. మన బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్ చక్రం కొత్తది 1000 మి.మీ., అంటే 9.84. కొంచెం అరిగిన బాక్స్‌ఎన్ అనుకుంటే అదీ కుదిరింది. బొగ్గు మోసే వ్యాగన్‌కి కొత్త చక్రాలే ఉండాలని ఎవరూ అనరు కదా.

ఈ అరుగుదల విషయం నాకు చాలా ఇష్టం. మోడల్ చేసేవాళ్లలో కొందరు ఫ్యాక్టరీ డ్రాయింగ్‌లో ఉన్న అంకెనే దేవుడనుకుంటారు. పాయింట్ రెండు మి.మీ. తేడా వచ్చిందని మొత్తం సెట్ పక్కన పడేసినవాళ్లని చూశాను. డ్రాయింగ్‌లో ఉన్న చక్రం షెడ్‌లోంచి బయటికి వచ్చిన మొదటి రోజుదే. గుత్తి షెడ్‌లోనో కాజీపేట షెడ్‌లోనో ఏళ్ల తరబడి తిరిగిన ఇంజిన్ మోడల్ చేస్తూ, దానికి మొదటి రోజు చక్రం పెట్టడమే అసలు తప్పు.

ఒక జాగ్రత్త. ఇంజిన్‌కి మోటార్, గేర్లు ఉన్న ఛాసీ మనం సొంతంగా కట్టలేం, ఏదో ఒక హెచ్ఓ అమెరికన్ డీజిల్ ఛాసీ వాడాలి. వాటికి ఎక్కువగా 40 అంగుళాల చక్రాలుంటాయి, అంటే 11.7 మి.మీ. అవి అలాగే ఉంచేస్తే మన స్కేల్‌లో దాదాపు 1190 మి.మీ. చక్రం అవుతుంది. కొత్త చక్రం కంటే కూడా పెద్దది, అరుగుదల సాకు ఇక్కడ పనికిరాదు. కాబట్టి చక్రాలు మార్చాల్సిందే. మార్చేటప్పుడు వ్యాసం ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టొద్దు. చాలా ఛాసీల్లో ఇరుసు ఒకే కడ్డీగా ఉండదు, మధ్యలో ప్లాస్టిక్ గేరు, దానికి రెండువైపులా చక్రంతో కలిసిన సగం ఇరుసులు గుచ్చి ఉంటాయి. ఆ సగం ఇరుసు మందం గేరు రంధ్రానికి సరిపోవాలి. వదులైతే జారుతుంది, బిగుతైతే గేరు చీలుతుంది. చక్రం చిన్నదైతే ఇంజిన్ అర మిల్లీమీటర్ పైచిలుకు కిందికి దిగుతుంది, గేర్‌బాక్స్ అడుగు పట్టాలకి తగలకుండా చూసుకోవాలి.

ఇక నా వాదనకి ఎదురు నిలిచే విషయం. ఓటుకి ముందు నా వైపు బలహీనత నేనే చెప్పడం మంచిది, ఎలాగూ వాళ్లు చెప్తారు. చక్రం మందం. మోడల్ చక్రాలు స్కేల్ ప్రకారం ఉండాల్సిన దానికంటే లావుగా ఉంటాయి. అమెరికా ప్రమాణంలో ఆర్‌పీ-25 అనే ఆకారం ఉంది. అందులో ఎక్కువగా దొరికే కోడ్ 110 చక్రం మందం 0.110 అంగుళం, అంటే 2.79 మి.మీ. మన రైళ్లలో చక్రం పైభాగం వెడల్పు కనీసం 127 మి.మీ. ఉండాలని నియమం. మన స్కేల్‌లో అది 1.25 మి.మీ. మాత్రమే. అంటే కోడ్ 110 చక్రం ఉండాల్సిన దానికి రెండింతల కంటే లావు. హెచ్ఓలోనూ లావే, కానీ 1:101.6లో స్కేల్ చిన్నది కాబట్టి ఇంకా లావుగా కనిపిస్తుంది. రోడ్డు రోలర్‌లా ఉంటుందని మా రూమ్మేట్ వెక్కిరించాడు, వాడి మాట పూర్తిగా తప్పేం కాదు.

దీని మీద కూర్చుని లెక్క వేశాను. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం మోడల్‌లో సుమారు 14.4 మి.మీ. దానికి రెండు కోడ్ 110 మందాలు కలిపితే బయటి అంచు నుంచి బయటి అంచుకి దాదాపు 20 మి.మీ. అసలు మన ఇరుసు మీద లోపలి దూరం 1600, రెండు చక్రాలు కలిపితే 1854 మి.మీ. మోడల్‌ని హెచ్ఓ అనుకుంటే ఆ 20 మి.మీ. అసలు కొలతలో 1738 అవుతుంది. అసలు దానికి ఒక్కోవైపు 58 మి.మీ. మాత్రమే తక్కువ! అంటే ఇన్నాళ్లూ హెచ్ఓ వాళ్లకి గేజ్ ఇరుకుగా ఉన్న సంగతి కొట్టొచ్చినట్టు కనపడకపోవడానికి కారణం చక్రం లావే. లావు చక్రం ఇరుకు గేజ్‌ని కప్పేస్తోంది. ఒక బగ్ ఇంకో బగ్‌ని దాచిపెట్టినట్టు. సన్న చక్రాలు పెట్టినప్పుడు హెచ్ఓ బ్రాడ్‌గేజ్ ఇంజిన్ బండారం బయటపడుతుంది. అదే 1:101.6లో కోడ్ 110 పెడితే 2030 మి.మీ. అవుతుంది, ఒక్కోవైపు 88 ఎక్కువ. ఇది హెచ్ఓ తేడా కంటే పెద్దదే, ఒప్పుకుంటున్నా. కానీ అదే ఆర్‌పీ-25లో కోడ్ 88 అని సన్న రకం ఉంది, 2.24 మి.మీ. అది పెడితే మొత్తం 1918 వస్తుంది, ఒక్కోవైపు 32 మి.మీ. మాత్రమే ఎక్కువ. హెచ్ఓలో అదే కోడ్ 88 పెడితే ఒక్కోవైపు 106 తక్కువ. అందుకే నా సిఫార్సు 16.5 గేజ్ దగ్గర ఆగదు. కోడ్ 88 అయితేనే. కోడ్ 110తో అయితే నా వాదన సగం చచ్చిపోతుంది, అది నాకు తెలుసు.

కోడ్ 88తో చిక్కు ఏంటంటే, సన్న చక్రం పాయింట్ల దగ్గర మారాం చేస్తుంది. పట్టా, పట్టా దాటే చోట చిన్న ఖాళీ ఉంటుంది. లావు చక్రం ఆ ఖాళీ మీదుగా ఆనుకుని దాటేస్తుంది, సన్నది టక్కున దిగి ఎక్కుతుంది. మా లేఅవుట్‌లో పాయింట్లు నాలుగే. ఆ నాలుగింటిలో ఖాళీని సన్నని ప్లాస్టిక్ ముక్కతో సరిచేయడం ఒక ఆదివారం పని.

ఫ్లాంజ్ గురించి ఎవరూ గొడవ చేయొద్దని మనవి. ఫ్లాంజ్ అంటే చక్రం లోపలివైపు పెదవిలా దిగే అంచు. అసలుది 28.5 మి.మీ. ఎత్తు. ఆర్‌పీ-25 కోడ్ 110ది 0.64 మి.మీ., మన స్కేల్‌లో 65 మి.మీ. అవుతుంది. పెద్దదే. కానీ అసలు రైలు పట్టాల మీద ఉండేది ఫ్లాంజ్ వల్లే అనుకుంటే పొరపాటు. చక్రం పైభాగం చదునుగా ఉండదు, ఇరవైకి ఒకటి వాలుతో కోన్‌లా ఉంటుంది. రైలు ఒకవైపు జరిగితే ఆ వైపు చక్రం పెద్ద వ్యాసం మీద, రెండోది చిన్న వ్యాసం మీద దొర్లుతుంది, దాంతో ఇరుసు తనంతట తానే మధ్యలోకి వస్తుంది. ఫ్లాంజ్ ఆఖరి కాపలా. మోడల్ చక్రానికీ ఆ వాలు ఉంటుంది, కానీ మన వంపులు చాలా ఘోరంగా ఉంటాయి. హాస్టల్ టేబుల్ మీద పట్టే 45 సెం.మీ. రేడియస్ వంపు అసలు కొలతలో 46 మీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అత్యంత బిగువైన వంపే 175 మీటర్లు. 46 మీటర్ల వంపులో కోన్ ఏమీ చేయలేదు, ఫ్లాంజ్ పట్టుకుంటేనే రైలు నిలుస్తుంది. లోతు ఫ్లాంజ్ మన టేబుల్ చిన్నదైనందుకు కట్టే అద్దె.

లోహం సంగతి త్వరగా. నికెల్ పూత వేసిన ఇత్తడి గానీ నికెల్ సిల్వర్ గానీ తీసుకోండి. (నికెల్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ ఉంటాయి. ధర చూసి భయపడకండి.) కరెంటు పట్టా నుంచి చక్రం గుండానే మోటార్‌కి వెళ్లాలి, కాబట్టి ప్లాస్టిక్ చక్రాలు ఇంజిన్ కింద వద్దు. పట్టు కోసం రబ్బరు రింగు వేసిన చక్రాలు కూడా కొన్ని వస్తాయి. రబ్బరు ఉన్న చక్రం కరెంటు తీసుకోదు. మన హాస్టల్ దుమ్ములో ఆరు ఇరుసులూ కరెంటు తీసుకుంటేనే ఇంజిన్ ఆగకుండా నడుస్తుంది. ఇంకోటి, ఎవరైనా పాత మార్‌క్లిన్ ఇంజిన్ చవగ్గా వస్తుందంటే ఆగండి. వాళ్లది మూడో కాంటాక్ట్ పద్ధతి, రెండువైపుల చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు. మన రెండు పట్టాల మీద పెట్టిన క్షణంలో షార్ట్.

ఇప్పుడు ఆవిరి ఇంజిన్. మా నలుగురి బ్యాచ్ అసలు ఆయుధం ఇదే: "నీ స్కేల్‌లో డబ్ల్యూపీ ఎలా కడతావ్?" న్యాయమైన ప్రశ్న. బుల్లెట్ ముక్కున్న ఆ డబ్ల్యూపీ లేకుండా మన రైళ్ల మోడలింగ్ ఏంటి? దాని పెద్ద చక్రం 5 అడుగుల 7 అంగుళాలు. అడుగుకి 3 మి.మీ. లెక్కన 16.75 మి.మీ. బ్రిటిష్ డబుల్ ఓ చక్రాల్లో ఆ సైజు ఉన్నది వాళ్ల స్కేల్‌లో 4 అడుగుల 2 అంగుళాలది, అంటే చిన్న షంటింగ్ ఇంజిన్ల చక్రం. ఇక్కడ వ్యాసం కుదిరితే సరిపోదు. స్పోకులు లెక్క కుదరాలి. బండి చక్రానికైతే ఆకులు అంటాం కదా, అవి. చిన్న చక్రానికి ఆకులు తక్కువ, పెద్ద చక్రానికి ఎక్కువ. షంటింగ్ ఇంజిన్ చక్రాన్ని డబ్ల్యూపీ కింద పెడితే సైజు సరిపోయినా చూడగానే ఏదో తేడా కొడుతుంది. తర్వాత క్రాంక్ దూరం. చక్రం మధ్య నుంచి కడ్డీ తగిలించే పిన్ దాకా ఉన్న దూరం పిస్టన్ స్ట్రోక్‌లో సగం ఉండాలి. డబ్ల్యూపీ స్ట్రోక్ 28 అంగుళాలు, సగం 14, మన స్కేల్‌లో 3.5 మి.మీ. బ్రిటన్‌లో 57 నంబర్ పేనియర్ ట్యాంక్ లాంటి చిన్న ఇంజిన్ స్ట్రోక్ 24 అంగుళాలు, సగం 12, వాళ్ల స్కేల్‌లో 4 మి.మీ. అర మిల్లీమీటర్ తేడా ఉంటే కడ్డీ ఊపు ఎక్కువైపోతుంది. దగ్గరలో ఉన్న మెట్టుకో సిలిండర్‌కో తగులుతుంది కూడా.

క్వార్టరింగ్ ఇంకో తలనొప్పి. ఆవిరి ఇంజిన్‌లో ఎడమవైపు పిన్‌కి, కుడివైపు పిన్‌కి 90 డిగ్రీల తేడా ఉంటుంది. లేకపోతే రెండు పిస్టన్లూ ఒకేసారి చివరికొచ్చి ఇంజిన్ కదలకుండా ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. మోడల్‌లో నడిపేది మోటారే అయినా, కడ్డీలు తగిలించాక అన్ని ఇరుసులకీ ఆ 90 ఒకేలా లేకపోతే ప్రతి తిరుగుడుకీ కుంటుతుంది. రోమ్‌ఫర్డ్ చక్రాల్లో ఇరుసు చివర చతురస్రంగా ఉంటుంది, చక్రంలో చతురస్ర రంధ్రం, నట్టుతో బిగించేయడమే. 90 దానంతట అదే వస్తుంది. గిబ్సన్ చక్రాల్లో ఇరుసు గుండ్రంగా ఉంటుంది, జిగ్‌లో పెట్టి కోణం చూసుకుంటూ మనమే నొక్కాలి. చూడటానికి రెండోది నాజూకు, ప్లాస్టిక్ మధ్యభాగం, సన్నని స్టీలు అంచు. కానీ నా ఓటు చతురస్రానికే. తప్పుగా పెట్టడానికి వీల్లేకుండా చేసిన డిజైన్ ఎప్పుడూ మంచిదే, కంపైలర్ ముందే ఎర్రర్ చూపించినట్టు.

కాబట్టి డబ్ల్యూపీ విషయంలో నా జవాబు: ఈ ఏడాది కాదు. ఈ ఫెస్ట్‌కి డీజిల్‌తో వెళ్దాం. డబ్ల్యూపీ మధ్యభాగాలు రెజిన్‌లో త్రీడీ ప్రింట్ చేసి, సరైన ఆకులతో, 3.5 క్రాంక్‌తో, దానికి కొన్న స్టీలు అంచు తొడిగే దారి ఒకటుంది. అది మెకానికల్ వాళ్ల సాయం లేకుండా అవదు. డీజిల్‌కి అయితే ఆకులు లేవు, కడ్డీలు లేవు, చక్రాన్ని బోగీ ఫ్రేమ్ సగం కప్పేస్తుంది.

వాళ్ల రెండో ఆయుధం: "వేరే వాళ్ల లేఅవుట్ల మీద మన రైలు నడవదు." ఇది మాత్రం పూర్తిగా తప్పు. పట్టా 16.5, చక్రం ఆర్‌పీ-25, కరెంటు అదే, డీసీసీ అదే. ఏ హెచ్ఓ లేఅవుట్ మీదైనా నడుస్తుంది. పక్కన హెచ్ఓ ఇంజిన్ నిలబడితే మనది చిన్నగా కనిపిస్తుంది, అంతే. ఇంటర్‌ఫేస్ ఒకటే, ఇంప్లిమెంటేషన్ వేరు. మూడో ఆయుధం బొమ్మ మనుషులు, ఆటోలు, సిగ్నళ్లు అన్నీ 1:87లోనే దొరుకుతాయని. నిజమే. మనుషుల్ని మాత్రం కొంచెం పొడుగువాళ్లు అనుకోవచ్చు. ఆటో, టీ బండి, స్టేషన్ బోర్డు ఎలాగూ ప్రింట్ చేసుకోవాల్సినవే. మనకి కావాల్సిన ఆటో 1:87లో మాత్రం ఎక్కడ దొరుకుతోంది?

టేబుల్ విషయం కూడా చూడండి. ఐసీఎఫ్ పెట్టె బఫర్ల నుంచి బఫర్ల దాకా దాదాపు 22.3 మీటర్లు. హెచ్ఓలో 256 మి.మీ., మన స్కేల్‌లో 219. ఇంజిన్ 197కి బదులు 168. ఐదు పెట్టెల రైలు హెచ్ఓలో మీటరున్నరకి దగ్గరవుతుంది, మనది మీటరూ పాతిక సెంటీమీటర్ల చిల్లర. ఫెస్ట్‌లో మనకిచ్చేది రెండు బెంచీలు. ఐదు పెట్టెలైనా లేకపోతే అది రైలులా ఉండదు, షటిల్‌లా ఉంటుంది.

ఖర్చు దగ్గర నేను, వాళ్లు ఒకటే. విశాఖ ఉక్కు సంస్థ రాయ్‌బరేలీ దగ్గర లాల్‌గంజ్‌లో అసలు రైలు చక్రాల ఫ్యాక్టరీయే పెట్టింది, మాకు కావాల్సిన పది మిల్లీమీటర్ల చక్రం మాత్రం సముద్రం దాటి రావాలి. చక్రాల ధర కంటే పోస్టేజీ, కస్టమ్స్ భయపెడతాయి. అందుకే ఒకే పార్సిల్‌లో అన్నీ తెప్పించాలి, తెప్పించేలోపు తేల్చుకోవాలి. నా లిస్టు ఇది: ఇంజిన్‌కి 10.5 మి.మీ., కోడ్ 88, సగం ఇరుసులతో ఆరు జతలు, రెండు జతలు అదనం. బాక్స్‌ఎన్‌లకి 9.6 మి.మీ. కోడ్ 88. ఐసీఎఫ్ పెట్టెల చక్రం కొత్తది 915, అంటే 9 మి.మీ. దానికి సరిపడేది ఇంకా వెతుకుతున్నా. దొరికితే శుక్రవారం చెప్తా, దొరక్కపోతే మొదటి ఫెస్ట్‌కి బొగ్గు రైలే నడుపుదాం.

ఓటింగ్‌కి వచ్చేవాళ్లు వెర్నియర్ తెచ్చుకోండి. ల్యాబ్‌లో అడిగితే ఇవ్వరు, మెకానికల్ సెకండియర్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. నా టేబుల్ మీద కోడ్ 110 జత ఒకటి, కోడ్ 88 జత ఒకటి పెడతా, ఒక తెల్ల కాగితం మీద 1:101.6లో, 1:87లో డబ్ల్యూడీఎం-2 ముందు భాగం ప్రింట్ తీసి పక్కన ఉంచుతా. కాగితం కింద చక్రాలు పెట్టి చూసి చెయ్యెత్తండి.